ప్యాకేజీ-7 కాలనీ, వయా కొల్లాపూర్

వనపర్తి,
జూలై 14.

తాతా,

ఈ కవరులో రెండు ఉత్తరాలున్నాయి. పాతది ముందు చదువు. అది జూన్‌లో, హాస్టల్లో చేరిన మూడో రోజు రాసింది. దాని కవరు మీద "కురుమూర్తి గారు, జిల్లెడుదిన్నె, వయా కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ జిల్లా" అని గుండ్రంగా రాశాను. మూడు వారాలు ఎక్కడెక్కడో తిరిగి మొన్న నా దగ్గరికే వచ్చింది. నా అక్షరాల మీద ఎవరో ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, "ఈ పేరుతో ఊరు లేదు" అని రాశారు.

ఎంత మండిందంటే, ఆ కవరు పట్టుకుని నేరుగా పోస్టాఫీసుకు వెళ్లాను. కౌంటరులో ఉన్నాయన కళ్లద్దాలు పైకి తోసి, "నీళ్లల్ల మునిగిన ఊరికి ఉత్తరం ఎట్ల పోతదమ్మా? చేపలు సదువుతయా?" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు.

"ఊరు మునిగితే మనుషులు గూడ మునిగిండ్రా సార్? మా తాత బతికే ఉన్నడు."

"గట్లయితే ఆయన ఉన్న జాగ పేరు రాయి. ప్యాకేజీ సెవెన్ అని రాస్తే పోతది."

అందుకే ఈసారి పళ్లు బిగబట్టి ఆ పేరే రాశాను. చేరితే చేరిందని రాయి.

నాకు అర్థం కాని సంగతి ఒకటుంది. రిజర్వాయరు కింద మన జిల్లెడుదిన్నె, వాగవతలి తుమ్మలపెంట రెండూ పోయాయి. రెండూళ్ల వాళ్లకూ కలిపి గుట్ట మీద ఇళ్లు కట్టించారు. పనిని ముక్కలు చేసి కాంట్రాక్టుకిచ్చి, ఒక్కో ముక్కను ఒక్కో ప్యాకేజీ అన్నారు. మనం ఏడో ముక్కలో పడ్డాం. అంతవరకు సరే. కాలువకు నంబరు పెట్టుకోనీ, మట్టికట్టకు పెట్టుకోనీ. మూడు వందల ఇళ్లున్న ఊరికి కాంట్రాక్టు నంబరును పేరుగా పెట్టడానికి వాళ్లెవరు? అప్పుడు నేను గురుకులంలో ఉన్నాను, నాకేమీ తెలియదు. మీరంతా చూస్తూ ఎలా ఊరుకున్నారు?

మా తెలుగు సారు రాఘవేందర్ గారు మాకొక పని ఇచ్చారు. బయటి నుంచి వచ్చిన ఒక మాట తీసుకుని, అది మన జనం నోట ఎన్ని రకాలుగా తిరుగుతుందో ఈ ఆరు నెలలూ విని రాసుకోవాలి. అందరూ బస్సు, టేబులు, సినిమా అని ఎంచుకున్నారు. నేను ప్యాకేజీ అన్నాను. ఎందుకమ్మా అని అడిగితే, దాని మీద నాకు కోపం ఉంది సార్ అన్నాను. "కోపం ఉన్న మాటనే బాగా వింటరు, కానియ్యి" అన్నారు.

నీకు తెలిసిన అర్థాలుంటే రాయి. ఇక్కడ ఫోన్లు వార్డెన్ బీరువాలో ఉంటాయి. ఆదివారం చేతికిచ్చినా గుట్ట మీద నీకు సిగ్నల్ ఉండదు. మనకు ఉత్తరాలే దిక్కు.

నీ యమున

*

ప్యాకేజీ-7 కాలనీ,
జూలై 27.

చిరంజీవి యమునకు తాత దీవెనలు.

నీ రెండు ఉత్తరాలూ చేరాయి. నాయినమ్మకు చదివి వినిపించాను. చేపల మాట దగ్గర నవ్వి, "ఆ పోస్టాఫీసాయనకు పెండ్లయిందా అడుగు. మంచి మాటకారి ఉన్నడు" అంది.

నేను ఉత్తరం రాస్తే రాతభాషలోనే రాస్తాను, మాట్లాడే యాసలో రాయను. అది గుంపులో పడ్డ అలవాటు. ఇరవై రెండేళ్ల వయసు నుంచి మట్టిపని గుంపుతో దేశమంతా తిరిగాను. రెండూళ్ల నుంచి నలభై మందిమి. రాయడం, చదవడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. ఆదివారం నా గుడిసె ముందు అందరూ వరుసగా కూర్చునేవాళ్లు. ప్రతివాడి ఉత్తరమూ "ఇక్కడ నేను క్షేమం" అనే మొదలు. జ్వరంతో మూలుగుతున్నవాడు కూడా అదే రాయమనేవాడు.

నీ మాటను నేను నీకంటే ముందే విన్నాను. ఉత్తరాది కొండల్లో సొరంగం పని. దాన్ని కూడా ప్యాకేజీలుగానే పంచారు. మాది నాలుగు. మెడలో వేసుకోమని రేకుబిళ్లలు ఇచ్చారు. వాటి మీద పేరుండదు, ప్యాకేజీ నంబరు, కూలీ నంబరు ఉండేవి. అయితే మేము ఏ రాష్ట్రం పోయినా గుడిసెల ముందు మా ఊరి బోర్డు కట్టుకునేవాళ్లం. పైన జిల్లెడుదిన్నె, కింద తుమ్మలపెంట. నిచ్చెనెక్కి రేకు మీద తారుతో నేను రాసేవాణ్ని, తుమ్మలపెంట మహమూద్ కింద నిచ్చెన పట్టేవాడు.

కాలనీ పేరు గురించి అడిగావు. అది పైనుంచి వచ్చింది. పేరుదేముంది బిడ్డా, కుళాయిలో నీళ్లొస్తే చాలు. మహమూద్ ఇప్పుడు ఇక్కడ లేడు. ఇంటికి తాళం వేసి గద్వాలలో కూతురు మహీన్ దగ్గరికి పోయాడు.

చదువు మీద మనసు పెట్టు. ఇక్కడ మేము క్షేమం.

తాత

*

వనపర్తి,
ఆగస్టు 25.

తాతా,

"పేరుదేముంది" అన్నావు. ఉంది. వింటావా?

నా నోటుబుక్కులో ఇప్పటికి ఇరవై రెండు చోట్ల విన్న ప్యాకేజీ ఉంది. బ్యూటీపార్లర్ తలుపు మీద పెళ్లికూతురు ప్యాకేజీ. ముఖం, జుట్టు, మెహందీ అన్నీ కలిపి. ప్రైవేటు దవాఖానలో కాన్పు ప్యాకేజీ. అక్కడ ఒక ముసలమ్మ కౌంటరు ముందు కొట్లాడుతోంది: "ప్యాకేజీ అంటివి, మల్ల సూదికి వేరే అంటవేంది? పుట్టిన పోరడు ప్యాకేజీల ఉన్నడా, ఆనికి గూడ వేరేనా?" మా సీనియర్ అక్కకు హైదరాబాదులో ఉద్యోగం వస్తే ఏం పని అని ఎవరూ అడగలేదు, ప్యాకేజీ ఎంత అని అడిగారు. కొత్తకోట దాబా ముందు ఆగిన యాత్రల బస్సు మీద మూడు గుళ్లు, రెండు పూటల భోజనం, ఒకటే ప్యాకేజీ. టీకొట్టు దగ్గర ఒకాయన ఎవరో నాయకుడి గురించి, "ఆనికి ప్యాకేజీ ముట్టింది, ఇగ నోరు తెరవడు" అన్నాడు.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఆ మాట అసలు అర్థం కట్టిన మూట అని సారు చెప్పారు. మూటకు మన దగ్గర ఎన్ని పేర్లున్నాయి! దాచుకుంటే ముల్లె. దారిలో తినడానికి కట్టుకుంటే సద్ది. కొట్లో కట్టిస్తే పొట్లం. విప్పకముందే లోపల ఏముందో, ఎవరికోసమో తెలిసిపోతుంది. ప్యాకేజీ అలా కాదు. ఇది కావాలి, అది వద్దు అనే వీల్లేకుండా అన్నీ కలిపి బిగించి, తీసుకుంటే తీసుకో లేకపోతే పో అనడం. మనకిచ్చింది అదే. ఇల్లు, కుళాయి, కరెంటు స్తంభం కలిపి కట్టి పైన చీటీ అంటించారు. మూట మీద చీటీ ఉండాల్సిందే. కానీ లోపల మనుషులున్నారు తాతా.

నిన్న స్కాలర్‌షిప్ ఫారంలో స్వగ్రామం అన్నచోట జిల్లెడుదిన్నె అని కొడితే కంప్యూటర్ తీసుకోలేదు. లిస్టులో ప్యాకేజీ-7 మాత్రమే ఉంది. వెనక నిలబడ్డ మా క్లాసు అమూల్య చూసింది. సాయంత్రానికి హాస్టలంతా నాకు కొత్త పేరు. "ఏయ్ ప్యాకేజీ, సాంబారు ఇటియ్యి" అంటారు. నేను సాంబారు గిన్నె ఒళ్లో పెట్టుకున్నాను, ఇవ్వలేదు.

పేపర్లో చదివాను. కొత్త కాలనీల పేర్ల జాబితా నవంబరు ముప్పైన మూసేస్తారట. ఆ రోజుకు ఏ పేరుంటే అదే ఇక శాశ్వతం. నేను దరఖాస్తు రాస్తున్నాను. నువ్వు కాలనీలో సంతకాలు పెట్టించు.

కోపంగా ఉన్న
నీ యమున

*

ప్యాకేజీ-7 కాలనీ,
సెప్టెంబరు 8.

యమునకు,

దరఖాస్తు పంపకు. సంతకాలు నేను పెట్టించను. పెద్దవాళ్ల మధ్య సంగతులు పిల్లలు కాగితం మీద పెట్టకూడదు.

మూటల గురించి బాగా రాశావు. మూట మీద చీటీ అన్నచోట మాత్రం నేను చదవడం ఆపాను. అలాంటివి రాయకు.

నాయినమ్మ వేయించిన పల్లీలు పంపుతోంది. సగం ఆ అమూల్యకు పెట్టమంది. "నోట్ల పల్లీలుంటే పేర్లు పెట్టదు" అంటోంది.

ఇక్కడ మేము క్షేమం.

తాత

*

వనపర్తి,
అక్టోబరు 19.

కురుమూర్తి గారికి,

తాతా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నువ్వు వద్దన్నా దరఖాస్తు పంపాను. "మా ఊరి పేరును మమ్మల్ని అడగకుండానే తీసేశారు" అని మొదలుపెట్టాను. ఆ వాక్యం బాగా వచ్చిందని సారు కూడా అన్నారు. ఆఫీసు నుంచి నాలుగు వరుసల జవాబు వచ్చింది. దానికి జతగా రెండేళ్ల కిందటి గ్రామసభ తీర్మానం నకలు పెట్టారు. మూడుసార్లు సభ జరిగిందట. మూడుసార్లూ పేరు చెప్పమని అడిగారట. చూసి రాస్తున్నాను, విను:

"తుమ్మలపెంట వాస్తవ్యులు శ్రీ మహమూద్ గారు జిల్లెడుదిన్నె అను పేరు తప్ప మరే పేరైనను తమకు సమ్మతమని తెలిపినారు. జిల్లెడుదిన్నె వాస్తవ్యులు శ్రీ కురుమూర్తి గారు తమ ఊరి పేరు పెట్టనిచో నంబరే నయమని తెలిపినారు. ఏకాభిప్రాయము కుదరనందున ప్యాకేజీ నంబరుతోనే కొనసాగించుటకు నిర్ణయమైనది."

కింద నీ సంతకం. ఆ "కు" కొమ్ము తోకను నేనెక్కడైనా గుర్తుపడతాను. నాకు అక్షరాలు దిద్దించింది ఆ చెయ్యే.

నంబరే నయం! ఈ నాలుగు నెలలూ ఎవరెవరిని తిట్టానో తెలుసా? పోస్టాఫీసాయన్ని, కంప్యూటర్‌ని, అమూల్యని, పేరు తెలియని ఆఫీసర్లందరినీ. నువ్వేమో "అది పైనుంచి వచ్చింది" అని చక్కని దస్తూరీతో రాసి పంపావు. పైన ఉన్నది ఎవరు? నువ్వేనా? ఆ నకలు సారుకు చూపించాల్సి వచ్చినప్పుడు నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

ఇంకోటి. మహమూద్ తాత తన ఊరి పేరే పెట్టాలని పట్టుబట్టలేదు. మన పేరు తప్ప ఏదైనా సరే అన్నాడు. ఎందుకు? నీ నిచ్చెన పట్టుకున్న మనిషి అలా ఎందుకన్నాడు? దీనికి జవాబు రాయి. క్షేమం అని మాత్రం రాయకు.

యమున

*

గుట్ట మీద నుంచి,
నవంబరు 2.

బిడ్డా యమునా,

నీ ఉత్తరం నాయినమ్మకు చదివి వినిపించలేదు. వచ్చిన ఉత్తరాన్ని నేను దాచడం ఇది రెండోసారి. మొదటిది చెప్తాను.

సొరంగం పనిలో మహమూద్ వాళ్ల అన్న, ఇమాము అని, అతను కూడా ఉండేవాడు. ఒకరోజు పైకప్పు రాయి జారి, అక్కడికక్కడే పోయాడు. మహమూద్ అప్పుడు జ్వరంతో దవాఖానలో ఉన్నాడు, వెంట పోలేని స్థితి. కంపెనీవాళ్లు ఇమామును చెక్కపెట్టెలో పెట్టి, మంచుగడ్డలు, రంపపుపొట్టు పోసి లారీ ఎక్కించారు. గుమాస్తా పెట్టెకు అతికించిన చీటీలో "ప్యాకేజీ నాలుగు, కూలీ రెండు వందల పన్నెండు" అని మాత్రమే ఉంది. అది చూసి నాకు నీలాగే మండింది. పోతున్నది మనిషి, నంబరు కాదు అన్నాను. తారు డబ్బా, కుంచె తెచ్చి పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఊరి పేరు రాశాను.

జిల్లెడుదిన్నె అని రాశాను.

కావాలని కాదు. పోస్టాఫీసు మన ఊళ్లో ఉండేది. తుమ్మలపెంటకు పోయే ఉత్తరాలు కూడా మన ఊరికే వచ్చేవి. ఆరేళ్లు నలభై మంది కవర్ల మీద అదే పేరు రాసిన చెయ్యి, దానంతటదే రాసింది. చదివి, తప్పు అని చెప్పడానికి అక్షరం వచ్చినవాడు ఇంకొకడు లేడు.

లారీ మన ఊరికి వచ్చి పెట్టె దించి పోయింది. మన ఊళ్లో పదకొండు ఇళ్ల మగవాళ్లు ఆ పనిలో ఉన్నారు. పదకొండు ఇళ్లూ ఏడ్చాయి. మూత తీస్తే ఇమాము. తుమ్మలపెంటకు కబురు అందేసరికి వాగు పొంగింది. రెండు రోజులు తగ్గలేదు. ఇవతలి గట్టున కొడుకు, అవతలి గట్టున వాళ్లమ్మ బడేబీ. ఇక ఉంచలేక మన ఊరి చివర చేనులోనే మట్టి ఇచ్చారు. ఆమె నీళ్ల మీదుగా చూసింది.

ఇదంతా మీ ముత్తాత పోస్టుమాస్టరుతో రాయించి నాకు పంపాడు. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు అందరికీ చదివేది నేనే కదా. మహమూద్ నా ఎదురుగా కూర్చున్నాడు. "మీ అన్న ఇల్లు చేరాడు. అమ్మ చేతి మట్టి పడింది. అంతా సక్రమంగా జరిగింది" అని చదివాను. కాగితంలో లేనిది చదివాను. ఏడాది తర్వాత ఊరికి పోయి, వాళ్లమ్మ నోట అసలు సంగతి విన్నాడు. తిరిగొచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. నాతో ఉత్తరాలు రాయించుకోవడం మానేశాడు. ఎవరి దగ్గరో కూర్చుని అక్షరాలు తానే నేర్చుకున్నాడు.

ముప్పై ఏడేళ్లుగా ఎదురుపడితే సలాం, అంతే. సభలోనే మొదటిసారి నోరు విప్పి, ఆ పేరొక్కటి వద్దన్నాడు. ఎందుకు వద్దో అందరి ముందూ చెప్తాడేమోనని నాకు భయమేసింది. ఆ భయమే కోపంగా బయటికొచ్చింది. నంబరే నయమన్నాను. అతను ఎందుకో చెప్పలేదు. తాళం వేసుకుని గద్వాల పోయాడు. ఇమాము సమాధి కూడా ఇప్పుడు నీళ్ల కింద ఉంది.

నీకు చెప్పాక మనసు తేలికపడిందని రాయను. పడలేదు.

తాత

*

వనపర్తి,
నవంబరు 9.

తాతా,

మూడుసార్లు చదివాను. ఏడ్చాను. కోపం మాత్రం పోలేదు. అది పోకపోవడమే మంచిదనిపిస్తోంది.

నువ్వు చెప్పాల్సింది నాకు కాదు. నాకు చెప్పడం సులువు, నేను నీ మనవరాలిని. ఇంకో వారం అలిగి మళ్లీ తాతా అంటాను. నీ ఉత్తరం ఈసారి కూడా తప్పు ఊరికి వచ్చింది. ఇది గద్వాలకు పోవాల్సింది.

ముత్తాత పంపిన కాగితం నీ ట్రంకు పెట్టెలో ఉండే ఉంటుంది. నువ్వు కాగితాలు పారేసే మనిషివి కాదు. దాన్ని తీసుకుని పో. ఉన్నది ఉన్నట్టు చదువు.

నా నోటుబుక్కులో ఇరవై మూడో ప్యాకేజీ రాయలేదు. ఆ చీటీ గురించి మార్కుల కోసం రాసే హక్కు నాకు లేదు. మహమూద్ తాత రాయమంటేనే రాస్తాను.

ఇంకా ఇరవై ఒక్క రోజులున్నాయి.

యమున

*

తుమ్మలపెంట, వయా కొల్లాపూర్,
నవంబరు 29.

చిరంజీవి యమునకు తాత దీవెనలు.

పైన ఊరి పేరు చూసి చెయ్యి మళ్లీ తప్పిందనుకోకు.

గద్వాల పోయాను. మహీన్ ఇంటి ముందు మహమూద్ పల్లీలు ఒలుస్తూ కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఏంది కుర్మూర్తీ, తొవ్వ తప్పినవా? ఎదుటోళ్లను తప్పిచ్చుడే గద నీకు తెల్సు" అన్నాడు.

కూర్చోమనలేదు. నేనే కూర్చుని కాగితం తీశాను. "అప్పుడు సదవనిది సదువుత" అన్నాను.

"ఇప్పుడు సదివితే ఏమొస్తది?"

"ఏం రాదు. ఉన్నది ఉన్నట్టు సదువుత, అంతే."

బడేబీ గట్టు మీద నిలబడిన చోట చదవడం ఆపాను. "ఆపకు. అప్పుడు ఆపినవ్, సాలు" అన్నాడు. చివరిదాకా చదివాను. అతను చాలాసేపు పల్లీలు ఒలిచాడు. తర్వాత, "ముప్పై ఎనిమిదేండ్లు లేటొచ్చినవ్ పోస్టుమన్" అన్నాడు. లోపలి నుంచి మహీన్ తండ్రిని, "అబ్బా, మామకు చాయ్ పెట్టాల్నా?" అని అడిగింది. "పెట్టు. చక్కెర తక్కువెయ్యి, మీ మామ తీపి మాటలు చానా చెప్తడు" అన్నాడు. మాఫీ అన్న మాట అతను అనలేదు, నేను అడగలేదు.

ఇరవై నాలుగున సభ పెట్టించాను. మహమూద్ వచ్చాడు. పెట్టె సంగతి అందరి ముందూ నిలబడి చెప్పి, ఊరికి తుమ్మలపెంట అని పేరు పెట్టాలన్నాను. మన ఈరన్న లేచి, "ఇండ్లు మనయే ఎక్కువ. పేరెందుకు ఇడుస్తం?" అన్నాడు. అప్పుడు మీ నాయినమ్మ లేచింది. జన్మలో సభలో మాట్లాడని మనిషి.

"ఈరన్నా, నువ్వప్పటికి పుట్టలె. పెట్టె దించిన్నాడు ఏడ్సిన పదకొండిండ్లల్ల నాది ఒకటి. మూత తీసినంక మా ఆయన కాదని నిమ్మళమైన. ఆడ ఆ తల్లి గట్టు మీద నిలబడితె, ఈడ నేను నిమ్మళమైన. ఆ సిగ్గు ఇంక పోలె. చెయ్యెత్తు."

ఎత్తాడు. తీర్మానం మర్నాడే ఆఫీసులో ఇచ్చాం. జాబితాలో పేరు ఎక్కినట్టు నిన్న కాగితం వచ్చింది.

జిల్లెడుదిన్నె పోయింది బిడ్డా. నొప్పిగా ఉంది, దాచను. నీకు కూడా ఉంటుంది. నా మీద అలగాలనుకుంటే అలుగు, ఉత్తరం మాత్రం మానకు.

నీ నోటుబుక్కు సంగతి మహమూద్‌కు చెప్పాను. "పిల్లను రాసుకోమను. నంబరు గాదు, మా అన్న పేరు రాయమను" అన్నాడు. ఇమాముద్దీన్, తుమ్మలపెంట. అలాగే రాయి.

ఈ పొద్దున ఊరి ముందు బోర్డు పెట్టాం. పెయింటరు వస్తానన్నా నేనే నిచ్చెన ఎక్కాను. మహమూద్ కింద నిలబడి, నేను రాసిన ప్రతి అక్షరమూ పైకి చదివాడు. తు అన్నాడు. మ్మ అన్నాడు. తర్వాతిది రాయబోతే ఆగమని, రాసినంతవరకు మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాడు.

"నీ చెయ్యి మీద నాకు నమ్మకం లేదు" అన్నాడు.

నిచ్చెన మాత్రం వదల్లేదు.

తాత